సుబేదారు గారి బోర్డు

పోయిన నెలలో అరుణ ఫోన్ చేసి, "అంకుల్, పాపా నహీ రహే" అని వాళ్ల నాన్న పోయిన సంగతి చెప్పినప్పుడు నాకు ముందుగా దుఃఖం రాలేదు. వాళ్ల నాన్న మా ఆవిడ ముందు నన్ను అన్న ఒక మాట గుర్తొచ్చింది. ఆ మాటకు ముప్పై ఏళ్లు దాటాయి. ఇవాళ తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

"మీ ఇల్లే కరెక్ట్ జగా, బాబూజీ. ఇంత దుమ్ము, ఇంత వేడి ఢిల్లీ మొత్తంల ఇంకెక్కడ దొరకయి."

మా ఇంటికి మొదటిసారి వచ్చి, మా కుర్చీలో కూర్చుని, మా మంచినీళ్లు తాగి అన్న మాట అది. ఎందుకన్నాడో చెప్పాలంటే మనిషిని గురించి చెప్పాలి.

ఆయన ఢిల్లీ కంటోన్మెంటులో, సైన్యం సామాను నిల్వ చేసే డిపోలో సుబేదారు. దుప్పట్లు, బూట్లు, బేరింగులు, గుడారాల మేకులు ఆయన చేతి మీదుగా లోపలికి వెళ్లి, ఆయన చేతి మీదుగానే బయటికి వచ్చేవి. కరీంనగర్ వైపు మనిషి. ఏ వస్తువునైనా వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూడనిదే నమ్మేవాడు కాదు. గ్లాసు, పుచ్చకాయ, తలుపు, బస్సు సీటు, అన్నిటికీ రెండు దెబ్బలు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండేది. డిపోకి ఇత్తడి సామాను వస్తే దాన్ని తగిలించి చూసేవాడట. అతుక్కుంటే ఇనుముకు పూత పూసి తెచ్చారని అర్థం. మా ఇంట్లో ఇత్తడి చెంబుకు కూడా తగిలించి చూశాడు. అది నా పెళ్లిలో పెట్టిన చెంబు. అతుక్కోలేదు. "మంచిదే" అన్నాడు, ఆశ్చర్యపోయినట్టు.

నన్ను బాబూజీ అనేవాడు. సైన్యంలో గుమస్తాలను పిలిచే పిలుపు అది. నేను కేంద్ర ప్రభుత్వంలో అసిస్టెంటును. ఆ తేడా పరిచయమైన మొదటి నెలలోనే స్పష్టంగా చెప్పాను. శ్రద్ధగా విని, "అచ్ఛా, అసిస్టెంట్ బాబూజీ" అన్నాడు. మా ముగ్గురు స్నేహితుల్లో మూడోవాడు మూర్తి, బ్యాంకులో క్లర్కు. హోదాలో నాకంటే తక్కువ. అతన్ని మాత్రం "మూర్తి గారూ, మీరు" అనేవాడు. నన్ను "నువ్వు".

మా పరిచయం పార్లమెంటు స్ట్రీటులో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర జరిగింది. ఎనభైలలో షేర్ల దరఖాస్తు ఫారాలు అక్కడ కట్టలు కట్టలుగా ఉచితంగా పంచేవాళ్లు. నేను గోడకు ఆనించి ఫారం నింపుతున్నాను. వెనకనుంచి తెలుగు వినపడింది.

"సంతకం పెట్టేముందు, ఆ కంపెనీ ఏం చేస్తదో తెల్సా నీకు?"

ముక్కూ మొహం తెలియని మనిషి, మొదటి వాక్యంలోనే నువ్వు.

"నోయిడాలో ఫ్లాపీ డిస్కులు తయారు చేస్తారండీ."

"అంటే?"

"కంప్యూటరులో పెట్టి తీసే పళ్లెం లాంటిది. రాసిందంతా దాని మీద దాస్తారు."

"అంటే నిల్వ సామాను." కాసేపు ఆలోచించాడు. "అయితే నాకు తెల్సిన పనే. ఒక ఫారం ఇయ్యి."

ఆయనకూ, నాకూ, మూర్తికీ తలా వంద షేర్లు వచ్చాయి. మా ముగ్గురిలో ఎవ్వరం కంప్యూటరును ముట్టుకున్నవాళ్లం కాదు. నా షేర్లు మా ఆవిడ పేరు మీద ఉన్నాయి, ఎందుకంటే ఆ డబ్బు ఆవిడది. ఫ్రిజ్ కోసం రెండేళ్లు కూడబెట్టింది. మయూర్ విహార్‌లో కొత్తగా కట్టిన ఫ్లాట్లలో పై అంతస్తు మాది. చుట్టూ ఇంకా పునాదులు తవ్వుతూనే ఉన్నారు. మే నెలలో మధ్యాహ్నం పాలు, సాయంత్రానికి పెరుగు కాకుండానే పాడయ్యేవి. "ఈ షేర్లు పెరగగానే అమ్మి ఫ్రిజ్ కొందాం" అని మాటిచ్చి తీసుకున్నాను. ఆవిడ నమ్మింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను మయూర్ విహార్ నుంచి రెండు బస్సులు మారి కంటోన్మెంటుకు వెళ్లేవాణ్ణి. ఆయన క్వార్టరు ముందు సైన్యం పారేసిన పాత దుప్పటి పరిచి, వేరుశనక్కాయలు పోసేవాడు. మూర్తికి ఎండ తగిలేవైపు చోటు. నాకు నీడ పడేవైపు. జనవరిలో ఢిల్లీలో నీడన కూర్చోవడం ఏమిటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. ఒకసారి అడిగాను కూడా. "నువ్వు మాట్లాడితే వేడి పుడ్తది, నీకెందుకు ఎండ" అన్నాడు.

ఆ కంపెనీ షేరు రెట్టింపయింది. ఆ చలికాలంలోనే వాటాదారుల సమావేశానికి ముగ్గురం నోయిడా వెళ్లాం. ఒక సమోసా, ఒక లడ్డూ, రెండు డిస్కులు ఉన్న డబ్బా ఒక్కొక్కరికి ఇచ్చారు. ఒకటి పెద్దది, పల్చగా, అట్టముక్కలా వంగేది. రెండోది చిన్నది, గట్టి ప్లాస్టిక్ పెంకులో ఉంది, ఒకపక్క ఇనుప రేకు తలుపు. ఇక మీదట కంపెనీ డబ్బంతా ఈ చిన్నదాని యంత్రాల మీదే పెడతామని చైర్మన్ ప్రకటించాడు. సభలో సగంమంది లడ్డూ తింటున్నారు. మిగతా సగం గొడవకు లేచారు. మా ముగ్గురి గొడవ మాత్రం ఆ తర్వాతి ఆదివారం దుప్పటి మీద మొదలైంది.

"రేపే అమ్మేద్దాం" అన్నాడు మూర్తి. "దేశంలో ప్రతి ఆఫీసూ పెద్ద డిస్కు పట్టే యంత్రాలు కొనేసింది. ఈ చిన్నదాన్ని ఎందులో పెడతారు? నోట్లో పెట్టుకుంటారా?"

"పెద్దది వంగుతుంది, మూర్తీ" అన్నాను. "మా సెక్షన్లో ఫైలు వంగకుండా ఒక్కరోజు ఉండదు. చిన్నది చొక్కా జేబులో పడుతుంది. అదే నిలుస్తుంది."

"జేబులో పట్టేవన్నీ నిలిస్తే దువ్వెనల కంపెనీలో పెట్టండి డబ్బు."

"ఆఫీసుల్లో యంత్రాలు మారవా? మా దగ్గర టైపు మిషన్లు మారలేదా?"

"మీ దగ్గర మిషన్ మారాలంటే ఎన్నేళ్లు పట్టింది?"

నేను ఒక వేరుశనక్కాయ ఒలుచుకున్నాను. తొమ్మిదేళ్లు పట్టింది.

సుబేదారు గారు ఆ రెండు డిస్కులనూ చెరో రెండు దెబ్బలు కొట్టి, పక్కన పెట్టాడు. "ఇద్దరూ రేటు గురించే మాట్లాడ్తున్నరు. సామాను గురించి ఎవరన్న మాట్లాడిన్రా? మా దగ్గర ఒక దుప్పటి పారెయ్యాలన్నా బోర్డు కూసుంటది. ఒక అధ్యక్షుడు, ఇద్దరు మెంబర్లు. సామాను చూస్తరు, పరీక్ష పెడ్తరు, పనికొస్తదా రాదా అని రాసి ముగ్గురు సంతకం పెడ్తరు. దాని తర్వాతనే పారేసుడు. అమ్ముడంటే పారేసుడే కదా?"

అలా మా బోర్డు ఏర్పడింది. అధ్యక్షుడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఈ కంపెనీ ఫారం చేతికిచ్చినవాణ్ణి నేను. నేను మెంబర్ నంబర్ రెండు. మూర్తి మెంబర్ నంబర్ ఒకటి.

పరీక్ష ఇదీ. ఆయన కూతురు అరుణ నెహ్రూ ప్లేస్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటరు మీద పని చేసేది. అక్కడ రెండు రకాల డిస్కులూ పట్టే యంత్రాలుండేవి. ఆమె రెంటి మీదా ఏదో ఒకటి రాసి తేవాలి. వాటిని కష్టపెట్టి, మళ్లీ తీసుకెళ్లి చూడాలి. ఏది నిలిస్తే అది పనికొచ్చే సామాను. చిన్నది నిలిస్తే షేర్లు ఉంచుకోవాలి. నిలవకపోతే అమ్మాలి.

మొదటిసారి వారం రోజులు తన ట్రంకుపెట్టెలో పెట్టాడు, తడి దుప్పట్ల కింద. అరుణ తీసుకెళ్లి చూస్తే రెండూ ఖాళీ. ఒక్క అక్షరం లేదు.

"రెండూ కచ్చా మాల్, ఒక్కటి పనికిరాదు" అన్నాడు సుబేదారు గారు. "బోర్డు ఖతం."

మూర్తి చేతులు దులుపుకుని లేచాడు. నేను లేవలేదు. ఫ్లాపీల డబ్బా మీద ముద్రించిన బొమ్మ ఒకటి నాకు గుర్తుంది. గుర్రపునాడా బొమ్మ, దాని మీద అడ్డగీత.

"సుబేదారు గారూ, ట్రంకుపెట్టెలో ఇంకేం పెట్టారు?"

"దుప్పట్లు. నా యూనిఫాం."

"యూనిఫాం జేబులో?"

ఆయన నావైపు చూసి, తర్వాత వేరుశనక్కాయలవైపు చూశాడు.

"ఆ అయస్కాంతమే తుడిచేసిందండీ" అన్నాను. "అట్టపెట్టె మీద బొమ్మ వేసి మరీ చెప్పాడు కంపెనీవాడు."

"ముప్పై ఏండ్ల సంది నా జేబులనే ఉన్నది. ఇయ్యాల్టిదాంక ఎవనికేం చెయ్యలే."

"మనుషుల మీద అక్షరాలు ఉండవు కదండీ."

మూర్తి పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వలేదు, ఒప్పుకోలేదు. "పరీక్ష సరిగ్గ జరగలే, మల్లా పెడ్దాం" అన్నాడంతే. ఎందుకు జరగలేదో, ఎవరి వల్ల జరగలేదో ఒక్క ముక్క అనలేదు. అయితే ఆ తర్వాతి ఆదివారం ఆయన చొక్కా జేబు చదునుగా ఉంది. అయస్కాంతం మళ్లీ ఎప్పుడూ కనబడలేదు. నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు.

రెండో పరీక్షకు చోటు వెతకాలన్నాడు. కంటోన్మెంటు మరీ శుభ్రం, చెట్ల నీడ. మూర్తి ఇంట్లో కూలరు ఉంది. అప్పుడు, హోలీకి ముందు ఆదివారం, ఆయనే బస్సు ఎక్కి మా ఇంటికి వచ్చాడు. తలుపు కొట్టాడు, గోడ కొట్టాడు, కిటికీ గట్టు మీద వేలితో గీసి దుమ్ము ఎంత మందాన ఉందో చూశాడు. పైకప్పు మీద నేరుగా ఎండ పడుతుందా అని అడిగాడు. పడుతుందన్నాను. మా ఆవిడ నీళ్లిచ్చింది. అప్పుడన్నాడు ఆ మాట. డిస్కులు హోలీ నుంచి రాఖీ దాకా ఇక్కడే ఉంటాయన్నాడు.

"అంటే రాఖీ దాకా షేర్లు అమ్మరా?" అంది మా ఆవిడ. ఆ ఎండాకాలానికి ఫ్రిజ్ రాదని ఆవిడకు అప్పుడే అర్థమైంది.

"అమ్మా, మీరు చెప్పున్రి. ఇయ్యాల అమ్మితే చిన్న ఫ్రిజ్ వస్తది. ఈ సామాను మంచిదైతే, ఆగితే, పెద్దది వస్తది. సామాను మంచిదో కాదో ఈ ఇల్లు చెప్తది."

నేను అప్పటికి నెలరోజులుగా ఆవిడకు అదే చెబుతున్నాను. నాతో మాట్లాడ్డం మానేసింది. ఆయన చెబితే, "సరే అన్నయ్యగారూ, ఒక్క ఎండాకాలమే కదా" అంది.

హోలీనాడు, అరుణ చేత మళ్లీ రాయించిన డిస్కులను లక్కతో సీలు వేసిన గుడ్డ సంచీలో తెచ్చి, ఆయనే మా కిటికీ పక్క బీరువా మీద పెట్టాడు. ఆ వేసవి మొత్తం మేం దాని కింద బతికాం. దుమ్ము రేపే ఆంధీ గాలి వచ్చినప్పుడు అన్నం గిన్నె మీద మూత పెట్టే ముందు మా ఆవిడ సంచీ వైపు చూసేది. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో బీరువా రేకు చెయ్యి పెట్టలేనంత కాలేది. వానలు మొదలయ్యాక గోడకు చెమ్మ దిగి, నా టై ఒకటి బూజు పట్టింది. జూన్ నడిమధ్యాహ్నం ఒకరోజు ఆకస్మిక తనిఖీకి వచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. సీలు చూసి, సంచీని రెండు దెబ్బలు కొట్టి, "నీడకు జరపలేదు కదా?" అని నన్ను అడిగాడు. నన్ను. నేను ప్రభుత్వోద్యోగిని. సీలు వేసిన వస్తువును జరిపేవాడిలా కనపడ్డాను ఆయనకి. మా ఆవిడ కూజాలోంచి నీళ్లిచ్చి, "ఆయన రోజూ ఎండలోకే జరుపుతున్నారండీ" అంది. అది నిజం. పరీక్ష తేలిగ్గా జరిగిందని రేపు మూర్తి అనకూడదు కదా.

రాఖీ తర్వాతి శనివారం ఆఫీసు ముగిశాక అందరం నెహ్రూ ప్లేస్‌లో అరుణ కుర్చీ వెనక నిలబడ్డాం. మా ఆవిడ కూడా వచ్చింది. సీలు పగలగొట్టే ముందు మూర్తి పరీక్షించి సరే అన్నాడు. పెద్ద డిస్కు పెట్టగానే యంత్రం మిరపకాయలు రుబ్బినట్టు చప్పుడు చేసింది. తెరమీద ఎర్రర్ అని వచ్చింది. అరుణ మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ అదే. చిన్నది తీసి రెండో యంత్రంలో పెట్టింది. టిక్కుమంది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆ గయా" అంది అరుణ. తెర మీది రాత చదివింది. సామాను పేరు, పరిమాణం, పెట్టిన తేదీ, పెట్టిన చోటు. మా ఇంటి చిరునామా, దాని పక్కన "వేడి, దుమ్ము, చెమ్మ: ఉత్తమం" అని. అంతా డిపో పద్ధతి. అరుణ ఇంకేదో మీట మీద వేలు పెట్టబోయింది.

"బస్, బేటా" అన్నాడాయన. ఆమె నవ్వి చెయ్యి తీసేసింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

బోర్డు తీర్మానం అక్కడే మెట్ల మీద కూర్చుని కాగితం మీద రాశాడు. చిన్న డిస్కు పనికొచ్చే సామాను, షేర్లు ఉంచుకోదగినవి, ఏకగ్రీవం.

"ఏకగ్రీవం సరే" అన్నాను. "మొదటి పరీక్ష అయస్కాంతం వల్ల చెడిందని, ఆ సంగతి మెంబర్ నంబర్ రెండు పట్టుకున్నాడని కూడా రాయండి. లేకపోతే నా అసమ్మతి నోటు చేర్చండి."

"ఈ బోర్డుల అసమ్మతి ఉండది."

"డిపోలో ఉంటుందా?"

"డిపోల ఉంటది."

"మరి?"

"డిపోల నువ్వు లేవు కద."

మూర్తి, మా ఆవిడ, అరుణ ముగ్గురూ నవ్వారు. నేను సంతకం పెట్టాను. పోనీ ఆ చిన్న డిస్కులో రాసింది కాగితం మీద అచ్చు వేసి ఇమ్మన్నాను, గుర్తుగా.

"కాయిదం ఎందుకయ్యా? మనం పైసలు పెట్టింది కాయిదం మీదనా, డిస్కు మీదనా?" అని, డిస్కు తీసి నా చొక్కా జేబులో వేశాడు. పట్టింది.

షేరు ఆ చలికాలానికి ఇంకా పెరిగింది. అమ్మాం. డిసెంబరులో, ముక్కు కారే చలిలో, మా ఇంటికి పెద్ద ఫ్రిజ్ వచ్చింది. ఆ ఆదివారం ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చాడు. ఫ్రిజ్ తలుపుకి రెండు దెబ్బలు కొట్టి, "అమ్మా, ఐసు నీళ్లు" అన్నాడు. పళ్లు జివ్వుమంటుంటే గ్లాసు మొత్తం తాగి, గ్లాసు కూడా కొట్టి చూసి కింద పెట్టాడు. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ చెబుతుంది. నా సంగతి, అంటే ఈ ఆలోచన మొదట నాది అన్న సంగతి, ఎవరూ చెప్పరు.

కొన్నేళ్లకు ఆయన ఉద్యోగ విరమణ చేసి, క్వార్టరు వదిలి ఢిల్లీలోనే ఇల్లు తీసుకున్నాడు. మూర్తి బదిలీ మీద వైజాగ్ వెళ్లాడు. విదేశీ డిస్కులు వచ్చి ఆ కంపెనీ మూతపడింది. నేను ఆదివారాలు వెళుతూనే ఉన్నాను. పరీక్ష సంగతి ఎత్తుతూనే ఉన్నాను. ఆయన వేరుశనక్కాయ ఒలిచి, "అయస్కాంతమా? ఏ అయస్కాంతం?" అంటూనే ఉన్నాడు. నా మోకాళ్లు పోయి మెట్రో మెట్లు ఎక్కలేనిదాకా ఇది నడిచింది.

అరుణ ఆ రోజు ఫోన్ పెట్టేముందు, "అంకుల్, ఆ ఛోటీ డిస్క్ ఉందా?" అని అడిగింది. ఉంది. నాకు సంబంధించిన ఏ కాగితమూ, ఏ వస్తువూ పోదు. పన్నెండోరోజు వాళ్లింటికి బయల్దేరి, దారిలో నెహ్రూ ప్లేస్‌లో దిగి ఒక దుకాణంలో ఇచ్చాను. అతను దాన్నేదో తీగకు తగిలించిన పెట్టెలో పెట్టి, తీసి, రేకు తలుపు జరిపి చూసి, "అంకుల్‌జీ, ఫంగస్" అన్నాడు. మేం ఒక్క ఎండాకాలానికే బోర్డు పెట్టాం. ముప్పై ఎండాకాలాలకు పెట్టలేదు.

ఆ మాటే అరుణతో అన్నాను. ఆమెకిప్పుడు తల నెరిసింది. వాళ్ల నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"కోయీ బాత్ నహీ, నాకు యాదుంది" అంది. "ఉస్ మే ఏక్ ఔర్ ఫైల్ థీ, అంకుల్, ఇంకో ఫైల్. నేను ఓపెన్ చేస్తుంటే పాపా బస్ అన్నడు కదా. అదీ."

"ఏముంది అందులో?"

"పాపా చెప్పిండు, నేను టైప్ చేసిన, ఇట్ల: అయస్కాంతం తప్పు నాది. పట్టుకున్నది బాబూజీ. ఇది బాబూజీకి చెప్పొద్దు. చెప్తే కొట్లాట ఖతం అయితది. కొట్లాట ఖతం అయితే, రెండు బస్సులు మారి ఎందుకొస్తడు." ఆమె వేళ్లు మోకాలి మీద మీటలు నొక్కుతున్నట్టు కదిలాయి. "బస్. ఇత్నా హీ."

నేను జేబులోంచి పెన్ను తీశాను. తర్వాత ఒక కాగితం అడిగాను. డిస్కులూ ఫోన్లూ కాదు, కాగితం. ఆమె వాళ్ల నాన్న పాత డైరీలోంచి ఒకటి చింపి ఇచ్చింది.

మెంబర్ నంబర్ రెండు అసమ్మతి నోటు, అని పైన రాశాను. రెండో ఫైలులో మొదటి రెండు వాక్యాలతో ఏకీభవిస్తున్నాను. చివరిది తప్పు. కొట్లాట ఖతమైనా వచ్చేవాణ్ణి. తేదీ వేసి సంతకం పెట్టాను. ఎడమపక్క అధ్యక్షుడి సంతకానికి చోటు వదిలి, అరుణకు ఇచ్చాను. ఆయన కాగితాలతో పాటు పెట్టమన్నాను.